చిన్నపిల్లలతో విశాఖ కొండలు: ఏ దారి ముందు, ఎంత దూరం, ఏం పట్టుకెళ్ళాలి?

మధురవాడ నాన్న

అందరికీ నమస్కారం. పిల్లలు ముగ్గురు. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి నాలుగున్నర, చంటిదానికి పద్నాలుగు నెలలు. ఈ డిసెంబరు ఆదివారాల్లో వీళ్ళతో కొండలు నడవాలని ఉంది. కారులో పైదాకా వెళ్ళి ఫోటో దిగి వచ్చేయడం వద్దు, కాళ్ళతోనే ఎక్కాలి. కైలాసగిరి మెట్లు, తొట్లకొండ, కంబాలకొండ, సింహాచలం మెట్ల దారి అనుకుంటున్నాం. ఏది ముందు పెట్టుకోవాలి? చంటిదాన్ని మోయడానికి ఫ్రేము బ్యాగు కొనాలా, చీరతో కట్టుకుంటే సరిపోతుందా?

కొండదారి

మధురవాడ గారూ, ఎత్తు సంగతి తరవాత, ముందు దిగే దారి చూడండి. నాలుగేళ్ళ పిల్లలు ఎక్కేటప్పుడు అంత ఇబ్బంది పెట్టరు, చేతులూ కాళ్ళూ వేసి మేకపిల్లల్లా ఎక్కేస్తారు. దిగేటప్పుడే కాళ్ళలో పట్టు పోతుంది, చూపు కిందికి పోతుంది, పైగా ఎండ ముదురుతోందని పెద్దవాళ్ళు తొందరపెడతారు. పడేది అప్పుడే.

మన కొండల రాయిని ఖోండలైట్ అంటారు. ఎండకీ వానకీ మెత్తబడి ఎర్రటి రవ్వగా రాలిపోయే రాయి. ఆ రవ్వ గట్టి బండ మీద పల్చగా పరుచుకున్న చోట అడుగేస్తే కింద గోళీలు పోసినట్టే ఉంటుంది. తడిగా ఉంటే బురద కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. పొడిగా ఉన్న రవ్వే మోసం చేస్తుంది. అందుకని చిన్నపిల్లలతో మొదటి రెండు మూడు సార్లు తారు రోడ్డు, వెడల్పాటి మట్టి దారి, సరైన మెట్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉన్న కొండే పెట్టుకోండి.

నా లెక్కలో వరస ఇది: తొట్లకొండ, తరవాత కంబాలకొండలో చెరువు వైపు దారి, తరవాత కైలాసగిరి మెట్లు ఎక్కి రోప్‌వేలో దిగడం, చివర్న సింహాచలం మెట్లు.

టైము సంగతి. నాలుగేళ్ళ పిల్లలతో ఎక్కుడు దారిలో గంటకి కిలోమీటరు, మహా అయితే కిలోమీటరున్నర. పెద్దవాళ్ళయితే దిగడం సగం టైములో అయిపోతుంది, పిల్లలతో అలా కాదు, ఎక్కినంత సేపూ పడుతుంది. కాబట్టి మొత్తం రెండు గంటలు అనుకుంటే గంట కాగానే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఎక్కడం మొదలుపెట్టే ముందే ఆ టైము పాపకి చెప్పి, గడియారం పాప చేతికే కట్టండి. పెద్దపిల్ల "టైమైంది నాన్నా" అంటే చిన్నోడు కూడా గొడవ చేయడు.

డిసెంబరులో మన దగ్గర 6:20 ప్రాంతంలో తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. అందుకే పొద్దున్న పూటే మేలు. తొట్లకొండ, కంబాలకొండ గేట్లున్న చోట్లు, తెరిచే వేళకి అక్కడుండేలా చూసుకోండి. ఫిబ్రవరి దాటితే ఎనిమిదిన్నరకల్లా కింద ఉండాలి. సముద్రం గాలి తగులుతుంటే చెమట తెలియదు, పిల్లల ఒంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి.

భీమిలి బాట

తొట్లకొండ ముందు పెట్టడం మంచి మాట. బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర గేటు. కారు కిందే పెట్టేసి ఘాట్ రోడ్డు మీద నడిపించండి. కొండ ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు, రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి ఎక్కడా నిటారు ఎక్కుడు లేదు. పిల్లాడు చేతులెత్తేస్తే ఒకరు కిందికెళ్ళి కారు తెచ్చుకోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అంతకన్నా ధైర్యం ఏముంటుంది?

రోడ్డు మీద నడిచేటప్పుడు కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే బండి కనిపిస్తుంది. కుడివైపు కొండ అడ్డంగా ఉన్న మలుపు వస్తే మాత్రం మలుపుకి కాస్త ముందే ఎడమకి మారి, దాటాక మళ్ళీ కుడికి రండి. దిగుతున్న బండ్లు అలాంటి మలుపులో లోపలికి ఒరుసుకుంటూ వస్తాయి. పెద్దవాళ్ళు ఒకరు ముందు, ఒకరు వెనక, పిల్లలు మధ్యలో.

పైన నేల చదును. స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, రాతి స్తంభాలు, అన్నీ రెండు వేల ఏళ్ళ నాటివి. నేవీ వాళ్ళ ఏరియల్ సర్వేలో ఈ చోటు బయటపడింది. తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. బండలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. వాన నీళ్ళు బండ మీద నుంచి జారి తొట్టిలో పడేలా ఎలా ఏర్పాటు చేశారో పాపకి చూపించండి, ఎనిమిదేళ్ళ పిల్లకి అది బాగా అర్థమవుతుంది. కానీ ఆ తొట్ల దగ్గర బాబు చెయ్యి వదలకండి. అంచులు అరిగి నున్నగా ఉంటాయి, లోతు పైనుంచి తెలియదు, పాచి పట్టిన నీళ్ళు నేలలాగే కనిపిస్తాయి. పునాదుల గోడల మీద నడవనివ్వకండి. ఇటుక కదులుతుంది, అది కట్టడానికీ చేటు, కాలికీ చేటు.

పైన నీడ తక్కువ, ఒక్కొక్కరికి టోపీ ఉండాలి.

బావికొండ కూడా అదే వైపు, అదే కాలం నాటి బౌద్ధ క్షేత్రం, జనం బాగా తక్కువ. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, ఇవే రాళ్ళు మళ్ళీ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. భీమిలిలో పావురాళ్ళకొండ బాగుంటుంది గానీ నరసింహస్వామి గుడి దాకా మెట్లు, ఆ పైన కాలిబాటే. గడ్డి మోకాళ్ళ దాకా ఉన్నన్నాళ్ళు, అంటే వానలు వెళ్ళిన రెండు నెలల దాకా, చిన్నోడితో గుడి దగ్గరే ఆగిపోండి.

మధురవాడ నాన్న

చాలా థాంక్సండి. ఎర్రమట్టి దిబ్బలు ఎలా ఉంటాయి? కొండ కాదని తెలుసు, నడక అలవాటు చేయడానికి.

భీమిలి బాట

అలవాటుకి మంచిదే, పైగా పడినా దెబ్బ తగలదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు కాబట్టి గట్ల మీద జారుడుబండ ఆటలు, మట్టి తవ్వడం వద్దు. అసలు ప్రమాదం ఆ ఎర్ర గోడల కింద కూర్చుని చిన్న గుహలు తవ్వడంలో ఉంది. గట్టిగా కనిపించినా అది ఇసుకే, అడుగు తవ్వితే పైనుంచి అమాంతం కూలుతుంది. గోడ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో పిల్లల్ని ఆడనివ్వండి. లోపల దారులు చీలిపోయి అన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి లోపలికి పోతున్న కొద్దీ మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి చూసి గుర్తు పెట్టుకోవాలి. రెండు మలుపులు చాలు.

అడవితోడు

కంబాలకొండ గురించి. హైవే మీద జూ దాటాక గేటు. 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 70 చదరపు కిలోమీటర్లకి పైనే విస్తీర్ణం. అది చిరుతలు తిరిగే అడవి. అంతమాత్రాన పగటిపూట, జనం తిరిగే దారిలో భయపడాల్సిన పని లేదు. మూడు నియమాలు మాత్రం గట్టిగా పాటించండి. పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకూడదు, గుంపుకి ఆఖర్న పిల్లలు ఉండకూడదు, సాయంత్రం నాలుగు దాటాక లోపల ఉండకూడదు. పైకి పోయే అడవి బాటల్లోకి అటవీ శాఖ వాళ్ళు పంపే మనిషి తోడు లేకుండా వెళ్ళకండి. మీ పిల్లల వయసుకి చెరువు వైపు వెడల్పాటి దారి చాలు. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేయండి.

ఇక పిల్లలు చేతితో ముట్టుకునేవాటి సంగతి. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

దూలగొండి. తీగ జాతి. కాయ చిక్కుడుకాయలా వంకర తిరిగి, పైన బంగారు రంగు నూగుతో ముఖమల్ గుడ్డలా మెరుస్తుంది. సరిగ్గా చలికాలంలోనే ఎండుతుంది, పిల్లలకి ముట్టుకోవాలనిపించేలా ఉంటుంది. ఆ నూగు చర్మంలో గుచ్చుకుంటే మంట, దురద, దద్దుర్లు. గాలికి ఎగిరి కంట్లో పడొచ్చు కూడా. అంటుకుంటే రుద్దకూడదు. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లో టేపు గానీ దెబ్బలకి వేసే ప్లాస్టరు గానీ మెల్లగా అద్ది ఎత్తేయాలి, నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొత్త ముక్కతో. తరవాత చల్లటి నీళ్ళు ధారగా పోయాలి. వేసుకున్న చొక్కా తిరగేసి విప్పాలి, అదే చొక్కాతో మొహం తుడవకూడదు. అందుకే సంచిలో సెల్లో టేపు ఉండాలి.

గురివింద గింజలు. ఎర్రగా, నల్ల చుక్కతో పూసల్లా ఉంటాయి. పిల్లలు ఏరుకుని జేబులో పోసుకుంటారు. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. నమలకుండా మింగితే పెంకు గట్టిది కాబట్టి చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. అయినా నమిలారో మింగారో మనకి తెలియదు గనక వాంతి చేయించే ప్రయత్నాలు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. దిగాక కారెక్కే ముందే పిల్లల జేబులు తిరగేసి చూడండి, ఇంట్లో చంటిపిల్ల ఉందన్నారు కదా.

జిల్లేడు పాలు కంట్లో పడితే పదిహేను నిమిషాల పాటు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండి, ఆ తరవాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పెద్ద చెట్ల మీదా కొండ చరియల మీదా పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. నల్లగా పలకలా కనిపిస్తే కేకలు, రాళ్ళు, పొగ, ఏవీ వద్దు, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. ఈగలు లేస్తే పిల్లల మొహం మీద తువ్వాలు కప్పి ఆగకుండా దూరంగా పరిగెత్తాలి. నీళ్ళలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి. కుట్టిన ముల్లుని గోటితోనో ఏటీఎం కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయండి.

సింహాద్రి మెట్లు

కొండదారి గారు సింహాచలాన్ని చివర్న పెట్టడం నాకు సరిగ్గా అనిపించలేదు. రాతి మెట్ల దారిలో రవ్వ జారుడు లేదు, ఎప్పుడూ జనం ఉంటారు, మధ్యలో కూర్చోడానికి చోట్లున్నాయి, అడివివరం వైపు నుంచి ఎక్కితే పైన స్వామి దర్శనం, గంగధార నీళ్ళు. దిగడానికి కొండ మీద నుంచి బస్సు ఉంది. దిగే దారే ముఖ్యమని మీరే అన్నారు కదండీ, ఆ దారి మొత్తం బస్సులో అయిపోతోంది.

కొండదారి

బస్సు మాట ఒప్పుకుంటాను. నా అభ్యంతరం మెట్ల లెక్కతో. వెయ్యికి పైగా ఉన్నాయి. ఆరంగుళాల మెట్టు మనకి ఏమీ కాదు. మీటరు పొడుగున్న పిల్లాడికి అది మనం పదంగుళాల మెట్టు ఎక్కడంతో సమానం. ఒకే కదలిక వెయ్యిసార్లు. మట్టి దారిలో అడుగు అడుగుకీ కాలు వేసే తీరు మారుతుంది, కండరానికి మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. మెట్ల మీద అది దొరకదు. సగం దారిలో "ఎత్తుకో" అంటాడు, అప్పటికే చంటిది ఒకరి వీపున ఉంటుంది. ఇద్దర్నీ మోయగలిగితే వెళ్ళండి.

సింహాద్రి మెట్లు

అది నిజమే. అయితే ఇలా చేయొచ్చు. మెట్లని యాభై యాభైగా విడగొట్టండి. యాభైకి ఒకసారి నిలబడి నాలుగు గుక్కల నీళ్ళు, రెండొందలకి ఒకసారి ఐదు నిమిషాలు కూర్చోడం. లెక్క పాపకి అప్పగిస్తే హుషారుగా ఎక్కుతుంది. ఇక్కడ తప్పు జరిగే చోట్లు చెబుతాను. కొందరు మొక్కుకి మెట్లకి పసుపు కుంకుమ రాస్తారు, అది తడిస్తే నున్నగా జారుతుంది, మెట్టు మధ్యలో కాకుండా పక్కకి నడిపించండి. మెట్ల మీద వెలిగించిన కర్పూరం పగటి వెలుతురులో కనిపించదు, పాపల పరికిణీ అంచులు, చంటిపిల్లల చేతులు జాగ్రత్త. చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళు పది లోపే పైకి చేరాలి, ఆ తరవాత రాయి కాలుతుంది. చందనోత్సవం, ఆషాఢంలో గిరి ప్రదక్షిణ రోజుల్లో చిన్నపిల్లలతో అసలు వద్దు. శనివారాలు కూడా రద్దీయే.

కోతులు ఉంటాయి. అవి చూసేది చేతిలో ఉన్న కవరుని. కవరు చప్పుడు వినబడితే చాలు. తిండి మూత ఉన్న స్టీలు డబ్బాలో, డబ్బా జిప్పున్న సంచిలో. బాబు చేతిలోని అరటిపండు కోసం కోతి వస్తే పండు వదిలేయమని ముందే నేర్పండి, లాక్కుంటేనే గీరుతుంది. కోతి గీరినా కొరికినా సబ్బు పెట్టి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకాకి వెళ్ళాలి. చిన్న గీతే కదా అని ఊరుకోకూడదు.

పిల్లల నర్సు

చంటిదాన్ని మోసే సంగతి ఎవరూ చెప్పలేదు. పద్నాలుగు నెలలకి మెడ నిలబడి తనంతట తాను కూర్చుంటుంది కాబట్టి ఫ్రేము బ్యాగు వాడొచ్చు. ఫ్రేమే రెండున్నర మూడు కిలోలు, పిల్ల తొమ్మిది పది కిలోలు, నీళ్ళు కలిపితే పదిహేను. మోసేవారి బరువులో ఐదో వంతు దాటితే నడక తూలుతుంది. అంటే డెబ్బై ఐదు కిలోల మనిషికే అది హద్దు. ఇంట్లో ఇద్దరూ మార్చి మార్చి మోద్దామనుకుంటే తక్కువ బరువున్న వారిని లెక్కలోకి తీసుకుని, నీళ్ళ సంచి రెండోవారికి ఇచ్చేయండి.

కొనే ముందు మూడు చూడండి. బరువు భుజాల మీద కాకుండా నడుము బెల్టు మీద కూర్చోవాలి. పిల్ల కూర్చున్నప్పుడు మోకాళ్ళు పిర్రల కన్నా కాస్త పైకి ఉండాలి, కాళ్ళు వేలాడిపోతే తొడలో రక్తం ఆడక తిమ్మిరెక్కుతాయి. పైన ఎండకి కప్పు ఉండాలి. ఏ బ్యాగు అయినా అరగంటకోసారి దించి, పది నిమిషాలు కాళ్ళు ఆడించనివ్వండి. నిద్రపోతే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనకూడదు, ఊపిరి ఆడదు. వెనకొచ్చేవారి పని ఆ తలని చూస్తూ ఉండడమే.

ముందువైపు కట్టుకుంటే మన పాదాలు మనకి కనిపించవు, దిగేటప్పుడు చాలా ప్రమాదం. చీర కట్టు అరకు వైపు తల్లులు చక్కగా కడతారు, అది చిన్నప్పటి నుంచి వచ్చిన చేతి అలవాటు. కొత్తవాళ్ళు మొదటిసారి కొండ మీదే ప్రయత్నించకండి. ఇంట్లో వారం రోజులు కట్టుకుని మేడ మెట్లు ఎక్కి దిగండి, ముడి ఎక్కడ జారుతుందో తెలిసిపోతుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం, ఇది దయచేసి అందరూ చదవండి. నాలుగేళ్ళ బాబు కాలు జారినప్పుడు చెయ్యి పట్టుకుని పైకి లాగకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలకి మోచేతి దగ్గర ఎముకని పట్టి ఉంచే కట్టు వదులుగా ఉంటుంది, గుంజితే ఎముక తప్పుకుంటుంది. వాపు ఉండదు, కమిలినట్టూ ఉండదు. పిల్లాడు ఆ చెయ్యి వాడకుండా ఒంటికి ఆనించి వేలాడేస్తాడు, ముట్టుకుంటే ఏడుస్తాడు. అలా ఉంటే మీరు లాగి సరిచేయబోకండి. తువ్వాలుతో చెయ్యి ఉన్నది ఉన్నట్టు కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, నిమిషంలో సరిచేస్తారు. రాకుండా ఉండాలంటే దిగేటప్పుడు మీరు పిల్లాడి కన్నా ఒక మెట్టు కింద, కాస్త పక్కకి తిరిగి ఉండండి. చెయ్యి వాడి చంక కింద ఉండాలి. పడితే మీ మీద పడతాడు.

మధురవాడ నాన్న

ఇది అసలు తెలియదు మేడం. ఎప్పుడూ చెయ్యి పట్టే లాగుతాం. నీళ్ళు ఎన్ని పట్టుకెళ్ళాలి? గ్లూకోజు మంచిదేనా?

పిల్లల నర్సు

రెండు గంటల నడకకి బాబుకి అర లీటరు నుంచి ముప్పావు, పాపకి ముప్పావు నుంచి లీటరు, పెద్దలకి లీటరున్నర చొప్పున. దాహం వేశాక కాకుండా పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు తాగించండి. చివరి అర లీటరు ముట్టుకోకూడదు, అది కళ్ళు, దెబ్బలు కడగడానికి.

మామూలు నీళ్ళు, తిండిలో కాస్త ఉప్పు, అంతే చాలు. గ్లూకోజు పొడిలో ఉప్పు లేదు, చెమటకి పోయేది ఉప్పు కూడా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి, వాంతులు విరేచనాలైతే పనికొస్తాయి. కలిపేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, లీటరుకి కలపాల్సిన ప్యాకెట్టుని గ్లాసు నీళ్ళలో కలిపేయడం. అప్పుడు ఉప్పు ఎక్కువై చంటిపిల్లకి మేలు బదులు కీడు జరుగుతుంది. ప్యాకెట్టు వెనక ఎంత నీళ్ళని రాసి ఉంటే అన్ని, చిన్న ప్యాకెట్లయితే 200 మిల్లీలీటర్లు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, అంచుకి సమంగా గీసి కొలవాలి.

తిండికి ఇడ్లీ, అరటిపండు, బెల్లం అటుకులు. వేరుశనగ గింజలు, పల్లీ చిక్కీ నాలుగున్నరేళ్ళ వాడికి నడుస్తూ పెట్టకండి, చంటిదానికైతే అసలే వద్దు, పొరబోతుంది. ఏది పెట్టినా కూర్చోబెట్టి పెట్టండి.

అడవితోడు

మేడం, చిగ్గర్ పురుగుల సంగతి కూడా రాయండి, వానలు వెళ్ళాక ఇవే ఎక్కువ.

పిల్లల నర్సు

అవునండి, మరిచాను. గడ్డిలో, పొదల్లో కంటికి కనిపించనంత చిన్న పురుగులు. అవి కుడితే కొందరికి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. మన రాష్ట్రంలో ఉన్న జబ్బే. గడ్డిలో కూర్చోబెట్టాలంటే మందపాటి దుప్పటి పరవండి. పొడుగు ప్యాంటు, దాని అంచుని మేజోళ్ళలోకి దోపాలి. ఇంటికి రాగానే బట్టలు మార్చి వేడి నీళ్ళలో నానబెట్టండి, సబ్బుతో స్నానం చేయించి చంకలు, గజ్జలు, చెవుల వెనక, బొడ్డు చూడండి. వారం నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తే కొండకి వెళ్ళిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఎక్కడైనా ఉంటే చూపించండి. ఈ రెండూ చెబితే పరీక్ష తొందరగా రాస్తారు. మందు ఉన్న జబ్బే, ఆలస్యమైతేనే ప్రమాదం.

పాము కరిస్తే గుడ్డ బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. పిల్లని నడిపించకుండా ఎత్తుకుని, కరిచిన కాలు కదలకుండా కర్రతోనో మడిచిన పేపరుతోనో కట్టి, 108కి ఫోను. విషానికి మందు పెద్దాసుపత్రిలోనే.

అనకాపల్లి బెల్లం

అందరూ బీచ్ వైపే చెబుతున్నారు, ఇటు కూడా చూడండి. శంకరం దగ్గర బొజ్జన్నకొండ, అనకాపల్లి నుంచి మూడు కిలోమీటర్లు. విశాఖ నుంచి నలభై. చిన్న గుట్ట, మెట్లు తక్కువ, పిల్లలు సులువుగా ఎక్కేస్తారు. కొండని తొలిచిన గుహలు, ఒకే రాతిలో చెక్కిన స్తూపాలు, పక్కనే లింగాలకొండ మీద వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలు. నాలుగున్నరేళ్ళ బాబుకి ఇదే కొలత అని నా అభిప్రాయం. అరగంటలో ఎక్కి గంట ఆడుకుని దిగిపోవచ్చు. గుహల్లోకి వెళ్ళేటప్పుడు ముందు పెద్దవాళ్ళు టార్చి వేసి మూలలు చూడాలి. చరియ అంచుల్లో అన్ని చోట్లా కంచె లేదు. కనుమ నాడు జనం విపరీతం, ఆ రోజు వద్దు.

మధురవాడ నాన్న

అయితే ఆ వరసలో దీన్నే మొదట పెడతాను. బూట్ల మాట చెప్పండి. బాబుకి స్కూలు నల్ల బూట్లు, తెల్ల కాన్వాసు బూట్లు ఉన్నాయి.

కొండదారి

రెండూ వద్దు. రెండింటి అడుగూ పలక. బూటు తిరగేసి బొటనవేలితో అడ్డంగా రాయండి, గాడులు వేలికి తగలాలి, కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు. మడమ దగ్గర వంచితే వంగకూడదు, వేళ్ళ దగ్గర వంగాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మేజోళ్ళతో నిలబెట్టి వేళ్ళ ముందు మన చూపుడువేలు వెడల్పు ఖాళీ చూడండి. ఆ ఖాళీ లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు కొట్టుకుని నల్లబడుతుంది. కొన్న బూట్లు వారం రోజులు ఇంట్లో వేయించాకే కొండకి. కింద దిగే ముందు తాడు విప్పి మడమ వెనక్కి తన్ని మళ్ళీ బిగించాలి, చాలామంది ఎక్కేటప్పుడు కట్టిన ముడితోనే దిగిపోతారు. వెనక పట్టీ లేని రబ్బరు చెప్పులు కొండ మీద వద్దు.

పిల్లలకి నారింజో పసుపో రంగు చొక్కాలు వేయండి, ఆకుపచ్చ వద్దు. మెడలో విజిల్ వేసి, "కనిపించకపోతే తిరగకు, దగ్గర్లో ఉన్న చెట్టుని పట్టుకుని నిలబడు, మూడు సార్లు ఊదు" అని ఇంట్లోనే ఆటగా ఆడించండి. మోచేతి లోపలి వైపు పెన్నుతో మీ ఫోను నంబరు.

అరకు బస్సు

ఈ నెలలోనే అరకు వైపు కూడా వెళ్దామనుకుంటే ఒక్క మాట. బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, చంటిపిల్ల ఫ్రేము బ్యాగులో ఉంటే తల రాతికి తగలకుండా చూడాలి, కిందికి వంగినప్పుడు మన తల తగలదు గానీ వెనకున్న పిల్ల తల తగులుతుంది. చాపరాయి దగ్గర నీళ్ళు పారే బండ మీద పాచి సబ్బులా ఉంటుంది, పిల్లల్ని పొడి బండ మీదే ఉంచండి. కటికి జలపాతం బాబుకి ఇప్పుడు వద్దు, జీపు కుదుపులు, ఆ పైన తడి బండల నడక. ఘాట్‌లో కారు వాంతులు పడేవాళ్ళకి పొద్దుటి కిరండూల్ రైలు నయం, బొర్రా గుహలు స్టేషనులో దిగొచ్చు. ఇక్కడి చలి విశాఖ చలి కాదు, చెవులు మూసే టోపీలు తప్పనిసరి.

మధురవాడ నాన్న

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. ఇలా అనుకున్నాం. మొదటి ఆదివారం బొజ్జన్నకొండ. రెండోది తొట్లకొండ, కారు కింద. మూడోది కంబాలకొండ చెరువు దారి. నాలుగోది కైలాసగిరి మెట్లెక్కి రోప్‌వేలో దిగడం. సింహాచలం బాబుకి ఆరేళ్ళు వచ్చాక. ఏమైనా మార్చాలా?

కొండదారి

వరస బాగుంది. కైలాసగిరి ఒక్కదానికి మార్పు. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, నెలాఖరు సెలవుల్లో క్యూ కూడా పెద్దది. ఎక్కడం మొదలుపెట్టే ముందే కింద రోప్‌వే నడుస్తోందా, ఎన్నింటికి మొదలవుతుంది అని అడిగి కదలండి. నడవకపోతే ఆ రోజు మెట్లలో సగమే ఎక్కి తిరిగి దిగండి, లేదా కారు పైన పెట్టి ఒకరు ముందే అక్కడుండేలా చూసుకోండి. నాలుగు వారాల్లో ఏ వారమైనా ముందు రోజు వాన పడితే దాన్ని వచ్చే వారానికి జరపండి, మెట్లయినా సరే.

సింహాద్రి మెట్లు

ఆరేళ్ళ దాకా ఆగక్కర్లేదండి. వచ్చే చలికాలానికి బాబుకి ఐదున్నర, అప్పటికి ఈ నాలుగూ రెండేసి సార్లు తిరిగి ఉంటే సింహాచలం ఎక్కేస్తాడు. మంగళవారమో బుధవారమో సెలవు చూసుకుని, పొద్దున్న ఆరుకి తొలి మెట్టు దగ్గర ఉండండి.